మూగ ఎదను పట్టాలంటే ఊరంతా ఒకే మంద కావాలి

ఏప్రిల్ నెల, రాత్రి రెండు గంటలు. కంకిపాడు దగ్గరో పామర్రు దగ్గరో ఒక ఇంటి వెనక పశువుల పాక. కట్టుకొయ్యకు కట్టిన ముర్రా గేదె లేస్తుంది, పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. నెమరు ఆపేసింది. తోక కాస్త పక్కకు ఎత్తి కొంచెం కొంచెంగా మూత్రం పోస్తుంది. పడుకున్నప్పుడు మానం నుంచి గాజులా తేటగా ఉన్న తీగ జారి ఎండుగడ్డి మీద పడుతుంది. గేదె మాత్రం అరవదు. తెల్లవారి ఐదింటికి ఇల్లాలు వచ్చి పేడ ఎత్తి, కాళ్ల కింది గడ్డి ఊడ్చి పెంటకుప్ప మీద వేస్తుంది. ఆ తీగా దాంతోపాటే పోతుంది. ఆ పూట పాలు అర లీటరు తగ్గితే, గేదె సరిగా చేపలేదనుకుంటారు. ఆ ఎద అక్కడితో అయిపోయినట్టే. మళ్లీ 21 రోజులు ఆగాలి. పశువైద్యులు దీన్నే మూగ ఎద అంటారు.

పాడి రైతు కష్టం చర్చకు వచ్చినప్పుడల్లా మాట దాణా ధర మీదికో, వెన్న శాతానికి కట్టే రేటు మీదికో, ఏ డెయిరీ ఎంత బోనస్ ఇచ్చిందన్న దాని మీదికో పోతుంది. అవన్నీ నిజమైన బాధలే. అయినా రైతు చేతిలోంచి చప్పుడు లేకుండా జారిపోతున్న డబ్బులో పెద్ద వాటా ఇలా తప్పిపోయిన రాత్రులదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. గేదె చూడి మోసేది సుమారు పది నెలల పది రోజులు. ఈనిన మూడు నెలల్లో మళ్లీ చూడి కడితే పదమూడు, పద్నాలుగు నెలలకో ఈత వస్తుంది. మన పల్లెల్లో అది పదహారు, పద్దెనిమిది నెలలకు పోవడం మామూలైపోయింది. ఆలస్యమైన ప్రతి రోజుకూ తగ్గిన పాలు, పెట్టిన మేత కలిపి నష్టం 150 రూపాయలే అనుకుందాం. ఒక్క ఎద తప్పితే 3,150 రూపాయలు, మూడు తప్పితే 9,450. మూడు తప్పేసరికి రైతు ఓపిక కూడా అయిపోతుంది. గేదె గొడ్డుపోయిందని సంతకు తోలేస్తాడు. ఏ జబ్బూ లేని, ఇంకా నాలుగైదు ఈతలు ఈనగల పశువు అలా కబేళాకు పోతుంది. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గేదెలు సుమారు 62 లక్షలు, ఆవులూ ఎద్దులూ కలిపి సుమారు 46 లక్షలు. మన పాడి అంటే ముందు గేదె పాడి. అందువల్ల ఈ మూగతనం ప్రతి పాడి ఇంటినీ తాకుతుంది.

ఈ చీకట్లో చూడగల కన్ను ఒకటి ప్రపంచంలో ఎప్పుడో తయారైంది. ఎదకొచ్చిన పశువు ఒకచోట నిలవదన్న సంగతి మన పెద్దలకు తెలుసు. ఎంత నిలవదో అంకెల్లో చూపినవాడు అమెరికా వ్యవసాయ శాఖ బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన చార్లెస్ కిడ్డీ. ఆవుల కాళ్లకు అడుగులు లెక్కపెట్టే చిన్న పరికరాలు కట్టి, ఎద రోజున వాటి కదలిక మామూలు కంటే రెండింతల నుంచి నాలుగింతల వరకు పెరుగుతుందని 1977లో ప్రచురించాడు. తర్వాతి దశాబ్దంలో ఇజ్రాయెల్‌లోని అఫికిమ్ అనే కిబ్బుట్జ్ నుంచి ఈ పరికరం డెయిరీల కోసం సరుకుగా బయటికొచ్చింది. జపాన్‌లో ఫుజిత్సు ఇలాంటి పద్ధతినే ‘గ్యూహో’ పేరుతో తెచ్చింది, ఆ మాటకు ఆవు నడక అని అర్థం. ఇప్పుడు అడుగులే కాదు, మెడపట్టీలోని చిప్పు తల ఊపునీ నెమరునీ కూడా పట్టుకుంటుంది. 2011లో మొదలైన బెంగళూరు సంస్థ స్టెల్లాప్స్ మన దేశంలోనే పశువు ఒంటికి కట్టే ఇలాంటి పరికరం తెచ్చింది. ఎద ఎప్పుడు మొదలైందో గంటతో సహా తెలియడమే వీటివల్ల అసలు లాభం. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున కృత్రిమ గర్భధారణ సూది వేయించాలన్న నియమం 1948లో నెబ్రాస్కాలో ట్రింబర్గర్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది, నేటికీ ఊళ్లలో ఆ సూది వేసే మన గోపాలమిత్రలు దాన్నే పాటిస్తున్నారు. అయితే ఆ నియమం ‘కనిపించిన’ వేళను బట్టి నడిచేది. రాత్రి రెండింటికి మొదలైన ఎద ఎవరికీ కనిపించనప్పుడు నియమం తెలిసి ఉపయోగం లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయాలి. ఈ పరికరాలు పుట్టింది హోల్‌స్టీన్ ఆవుల కోసం, అవీ పెద్ద షెడ్లలో విప్పి వదిలేసిన ఆవుల కోసం. ఎదలో ఉన్న ఆవు మీదికి మిగతా ఆవులు ఎక్కుతాయి, గేదెల్లో అది అరుదు. మన కృష్ణా డెల్టాలో ఇంటికి రెండో మూడో గేదెలు, రోజులో ఎక్కువసేపు పలుపుతో కట్టే ఉంటాయి. కట్టేసిన గేదె కాలికి అడుగుల లెక్క కడితే లెక్కపెట్టడానికి అడుగులే ఉండవు. కాబట్టి మనకు పనికొచ్చేది కాలిపట్టీ కంటే మెడపట్టీ. గేదె ఎన్నిసార్లు లేచింది, ఎంతసేపు నెమరు ఆపింది, తల ఎంత ఊపిందన్నవే మనకు ఆధారాలు. వాటిలోనూ చిక్కులున్నాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు మన గేదె బందరు కాలువలోనో ఊరి చెరువులోనో మెడ దాకా మునిగి గంటలకొద్దీ ఉంటుంది. పట్టీలోకి నీరు దిగకూడదు, బురద ఎండి గట్టిపడితే మెడ ఒరుసుకుపోకూడదు. వడగాడ్పుకు ఒగర్చే గేదె నెమరు కూడా తగ్గుతుంది, దాన్ని యంత్రం ఎదగా లెక్కగడితే అబద్ధపు కబురే. రెండు అబద్ధపు కబుర్లు వస్తే మూడో కబురును రైతు పట్టించుకోడు. గన్నవరంలో 1998 నుంచి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. పశ్చిమ గోదావరి వెంకటరామన్నగూడెంలో గేదెల పరిశోధన స్థానం ఉంది. మన గ్రేడెడ్ ముర్రా మీద, మన పాకలో, మన కాలువలో ఈ పట్టీలను పరీక్షించాల్సిన పని ఆ రెండింటిదే. కబురు నిజమో కాదో తేల్చడం కష్టమేమీ కాదు. ఎద రోజున పాలలో ప్రొజెస్టరాన్ అనే హార్మోను దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆ పూట పాలలోంచి ఒక సీసా పరీక్షకు పక్కన పెడితే చాలు.

యంత్రం సంగతి అలా ఉంచి, దాన్ని ఎవరు కొనాలన్న ప్రశ్నకు వస్తే, వ్యక్తిగతంగా రైతు కొనకూడదన్నది నా వాదన. రెండు గేదెల ఇంటికి వేల రూపాయల పట్టీ, ఫోనులో ఒక యాప్, నెలకో చందా అంటే అది మూణ్ణాళ్ల ముచ్చటే అవుతుంది. సగం సబ్సిడీ ఇచ్చి ఇంటింటికీ పంచే పథకం పెడితే ఇంకా అన్యాయం. గేదె చూడి కట్టిన రోజు నుంచి పది నెలల పాటు ఆ పట్టీకి పనే ఉండదు, అటక మీద పడి బ్యాటరీ చచ్చిపోతుంది. పట్టీ ఊరి పాల సొసైటీది కావాలి. ఇందులో కొత్తేమీ లేదు. వెన్న కొలిచే మిషన్‌ను ఏ రైతూ సొంతంగా కొనలేదు, సొసైటీ కొని బల్ల మీద పెట్టింది. వీర్యం గొట్టాలు మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో నిలవుండే క్యాను ఏ ఇంట్లోనూ లేదు, ఊళ్లకు కలిపి ఒకరి దగ్గర ఉంటుంది. అంతకు ముందు ఊరి ఆంబోతూ, ఊరి దున్నా ఉమ్మడివే. ఒక ఇంటికి మించిన బరువును ఊరు పంచుకోవడం ఈ డెల్టాకు కాలువ నీళ్ల దగ్గర్నుంచి అలవాటే.

లెక్క చూద్దాం. ఒక ఊళ్లో 300 గేదెలున్నాయనుకుందాం. ఈతకూ ఈతకూ మధ్య 16 నెలలు. అందులో పది నెలలు చూడి, ఈనిన తర్వాత మొదటి రెండు నెలలు గర్భసంచి కోలుకునే విరామం. మిగిలిన నాలుగు నెలలే ఎద కోసం ఎదురుచూసే కాలం. పదహారులో నాలుగంటే ఏ రోజు చూసినా ఊళ్లో పావు వంతు గేదెలకే పట్టీ అవసరం, అంటే 75. చూడి ఖాయం కాగానే పట్టీ విప్పి, తర్వాత ఈనిన గేదెకు కట్టాలి. పట్టీ 6,000 రూపాయలు అనుకుంటే మొత్తం నాలుగున్నర లక్షలు. ఊళ్లో ఏటా 225 ఈతలు. ప్రతి ఈతకూ ఒక్క ఎద తప్పిపోకుండా కాపాడినా 150 రూపాయల లెక్కన ఏడాదికి ఏడు లక్షలు దాటుతుంది. నా అంచనా సగానికి సగం తప్పినా మూడున్నర లక్షలు మిగులుతుంది. పట్టీ మూడేళ్లు మన్నితే, పట్టీల కబుర్లు అందుకునే యాంటెన్నా ఖర్చూ, పట్టీలు కట్టి విప్పే మనిషి జీతం కూడా వస్తుంది. ఊరి మధ్య రక్షిత నీటి ట్యాంకు మీద ఒక యాంటెన్నా పెడితే వీధులన్నీ అందుతాయి. అమెరికాలో 300 పశువుల డెయిరీకి ఒక యజమాని. మనకు వంద గడపలు. ఆ వంద గడపల పశువులనూ యంత్రం దృష్టిలో ఒకే మందగా నిలబెట్టగలిగేది సొసైటీ ఒక్కటే.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది పశువైద్యుల నుంచే వస్తుంది. మన దేశంలో పల్లెల్లో వేసే సూదుల్లో మూడో వంతుకు అటూఇటుగానే చూడి నిలుస్తున్నాయి. ఎద కనిపించకపోవడమే కారణమా, ఖనిజ లవణాల లోపం లేదా, గర్భసంచి వాపు లేదా, వీర్యం గొట్టాన్ని 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచాల్సింది చంకలో పెట్టుకుని కరిగించడం లేదా అని వాళ్లు అడుగుతారు. ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. పట్టీ వీటిలో దేన్నీ నయం చేయదు. కాకపోతే వీటిలో ఏది తప్పో చెప్పే దారి ఇప్పుడు మన దగ్గర లేదు. చూడి కట్టకపోతే సూది వేసినాయన రైతు ఆలస్యం చేశాడంటాడు, రైతు వీర్యం మంచిది కాదంటాడు, ఇద్దరూ గేదెను తప్పుపడతారు. ఎద మొదలైన గంటా, సూది పడిన గంటా పక్కపక్కన నమోదైతే ఆ వాదన తేలుతుంది. సరైన వేళకే సూది పడినా ఒక ఊళ్లో చూడి నిలవడం లేదంటే తప్పు క్యానులోనో చేతిలోనో మేతలోనో ఉందని వెతుక్కోవచ్చు. ఇంకో మేలు నా దృష్టిలో మొదటి కబురు కంటే విలువైనది. సూది వేసిన గేదెకు పట్టీ విప్పకుండా ఉంచితే 21వ రోజు చుట్టూ అది మళ్లీ కదిలిందా లేదా తెలుస్తుంది. ఇప్పుడైతే సూది వేయించి మూడు నెలలు చూడనుకుని మురిసి, డాక్టరు చెయ్యి పెట్టి చూశాక లేదని తేలడం ఎన్ని ఇళ్లలో జరుగుతోందో పాడి పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. సూది వేసినా చూడి నిలవక తిరగపొర్లే గేదెను మూడు నెలలకు పట్టుకోవడానికీ మూడు వారాలకు పట్టుకోవడానికీ మధ్య తేడా రైతు ఇంటి జమాఖర్చులో నేరుగా కనిపిస్తుంది.

ఎండాకాలం సంగతి విడిగా చెప్పుకోవాలి. గేదె పగలు తగ్గే కాలంలో ఎదకొచ్చే జంతువు. వర్షాకాలం చివర నుంచి చలికాలం దాకా ఎద బాగా చూపిస్తుంది, ఎండలు ముదిరేసరికి మూగబోతుంది. శీతాకాలంలో చూడి కట్టినవి మళ్లీ శీతాకాలం ముందే ఈనుతాయి. అందుకే డెయిరీలకు చలికాలంలో పాలు పోటెత్తుతాయి, మే నెలలో పెరుగుకు గిరాకీ పెరిగే వేళకు వట్టిపోయిన పాకలే మిగులుతాయి. మే నెలలో పాలు ఉండాలంటే ఫిబ్రవరి, మార్చిలో ఈనాలి, అంటే ముందటేడు ఏప్రిల్, మేలో చూడి కట్టాలి. బెజవాడ ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే ఎద రాత్రి చల్లటి వేళకు జరిగి, కొద్ది గంటలకు కుదించుకుపోతుంది. పట్టీ అక్కరకొచ్చేది అప్పుడే. ఆ వేసవిలో అసలు ఎదకే రాని గేదెలూ ఉంటాయి. వాటిలో లేని ఎదను ఏ చిప్పూ పుట్టించలేదు. అవి వేరని తేల్చి డాక్టరు దగ్గరికి పంపగలిగితే అదే మేలు. వాటికి కావాల్సింది నీడ, నీళ్లు, పచ్చిమేత. వరి కోతకు ముందు చేలో చల్లే పిల్లిపెసర, జనుము తగ్గిపోతున్న ఊళ్లలో పచ్చిమేత బెంగ ఇంకా ఎక్కువ.

రైతు కంటికి మించిన యంత్రమేమిటన్న మాట కూడా వినబడుతుంది. ఆ కన్ను గొప్పదే, కాదనను. పాలు పితికే ఆడవాళ్లకు గేదె చేపే తీరులో తేడా పొదుగు మీద చెయ్యి వేయగానే తెలుస్తుంది. ఆ ఎరుకను పట్టీ తోసెయ్యకూడదు, దానికి తోడవ్వాలి. కానీ పాకలో పడుకునే పాలేరు ఇప్పుడు లేడు, పిల్లలు చదువులకో ఉద్యోగాలకో పోయారు, అరవై ఏళ్ల భార్యాభర్తలు మూడు గేదెలతో మిగిలారు. రాత్రి రెండింటికి లేచి లాంతరు పట్టుకుని చూడమని వాళ్లను అడగడం న్యాయం కాదు. ఎద కోసం చూడ్డమెందుకు, హార్మోను సూదులతో అన్నింటికీ ఒకేసారి ఎద తెప్పించవచ్చు కదా అనే వాదనా ఉంది. 1995 నుంచి అలాంటి పద్ధతి ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఎద చక్రం ఆగని పశువుల్లో అది బాగా పనిచేస్తుంది, కొన్ని గేదెలకు అదే దారి కూడా. అయితే వరసగా మూడు సూదులు, మందు ఖర్చు, డాక్టరు రాకపోకలు ప్రతి గేదెకూ పెట్టడం ఊరి పాడికి భారం. దానంతట అది ఎదకొచ్చే గేదెను మనం చూడలేకపోయినందుకు దానికి మందు ఎక్కించడం నాకు సరైన వైద్యంగా అనిపించదు.

సమాచారం ఎవరిదన్నది తేల్చకుండా మాత్రం ఒక్క పట్టీ కూడా కట్టకూడదు. ఇప్పటికే మన పశువుల చెవులకు పన్నెండంకెల పసుపు బిళ్లలున్నాయి. వేసిన సూది ఆ నంబరు మీద ప్రభుత్వ నమోదు వ్యవస్థ భారత్ పశుధన్‌లో ఎక్కుతుంది. దానికి పట్టీ చెప్పే కబురు కూడా తోడైతే, ఏ గేదె తిరగపొర్లుతోందో, ఏ ఇంట్లో పాలు తగ్గుతాయో ముందే తెలిసిపోతుంది. ఆ సంగతి దాణా అమ్మేవాడికో, బీమా కంపెనీకో, సంత బేరగాడికో రైతు కంటే ముందు తెలిస్తే ఈ పరికరం రైతుకే ఎదురు తిరుగుతుంది. సొసైటీ యాజమాన్యం కావాలని నేనడగడానికి ఇదీ ఒక కారణం. పరికరం అమ్మిన సంస్థతో చేసుకునే ఒప్పందంలో ఈ సమాచారం రైతుదని, రైతు ఒప్పుకోనిదే మూడోవాడికి పోదని తెలుగులో రాసి ఉండాలి.

మొదలుపెట్టడం పెద్ద పనేమీ కాదు. విజయవాడ కేంద్రంగా కృష్ణా మిల్క్ యూనియన్ ఉంది, కృష్ణకు అవతలి ఒడ్డున వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. ఒక్కొక్కటి రెండు ఊళ్లు ఎంచుకుని, గన్నవరం కళాశాలను తోడు తీసుకుని, ఒక శీతాకాలం, ఒక ఎండాకాలం నడిపి చూడాలి. ప్రభుత్వం డబ్బివ్వదలిస్తే పట్టీల సంఖ్యను చూసి కాక, డాక్టరు చెయ్యి పెట్టి ఖాయం చేసిన చూడికింత అని సొసైటీకి ఇవ్వాలి. లింగ నిర్ధారిత వీర్యం మీద సబ్సిడీ పెడుతున్నప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆడదూడ కోసం ఖరీదైన గొట్టం తెచ్చి తప్పు గంటలో వేస్తే ఆ డబ్బు వీధిలో పోసినట్టే. సూది వేసే మనిషికి రాత్రి ఫోన్లు అక్కర్లేదు. తెల్లవారి ఐదింటికి ఆ రోజు వెళ్లాల్సిన ఇళ్ల జాబితా వస్తే, ఏ వీధిలో మొదలుపెట్టి ఏ వీధిలో ముగించాలో తెలిసి ఆయన పని సులువవుతుంది.

రైతుకు యాప్ కూడా అక్కర్లేదు. పొద్దున పాలు పోశాక సొసైటీలో మిషన్ ఒక చీటీ ముద్రించి ఇస్తుంది. పాలెన్ని, వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, రూపాయలెన్ని అని నాలుగు వరసలుంటాయి. వాటి కింద అయిదో వరస ఒకటి చేరాలి: ఎర్రకొమ్ము గేదె రాత్రి రెండింటికి ఎదకొచ్చింది, సాయంత్రం నాలుగింటికి సూది.